ఫ్లోరోసిస్ వెన్నెముకకు అల్ట్రాసోనిక్ బోన్ స్కాల్పెల్: ఎముకను కోసి పొరను వదిలేస్తుందన్న మాట ఎంతవరకు నిజం?

ప్రశ్న: మర్రిగూడ వాసి

అందరికీ నమస్కారం. మా నాయనకు అరవై మూడేళ్లు. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోనే పుట్టి, మొదట బావి నీళ్లు, ఆ తరువాత బోరు నీళ్లు తాగుతూ వ్యవసాయం చేసుకొని బతికిన మనిషి. ఇప్పుడు మా ఊళ్లో నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, అవి వచ్చే నాటికే ఆయన మెడ, నడుము వంగడం మానేశాయి. అది ఫ్లోరైడు వల్లనేనని తెలుసు కాబట్టి ఇన్నేళ్లూ నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చాం. ఏడాదిన్నరగా మాత్రం పరిస్థితి మారింది. కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటున్నాయి. నడుస్తుండగా కాలి చెప్పు జారిపోతే, వెనక వచ్చేవాళ్లు పిలిచి చెబితే తప్ప ఆయనకు తెలియడం లేదు. రెండు నెలలుగా మూత్రం కూడా ఆగి ఆగి వస్తోంది.

హైదరాబాద్‌లో ఎంఆర్ఐ, సీటీ రెండూ తీయించాం. వీపు భాగంలో తొమ్మిది, పది, పదకొండో వెన్నుపూసల దగ్గర లిగమెంటమ్ ఫ్లేవమ్ అనే పట్టీ ఎముకగా మారి వెన్నుపామును వెనక నుంచి నొక్కుతోందని, లామినెక్టమీ చేసి, అంటే వెన్నుపూస వెనక భాగపు ఎముక తీసి, ఆ ఒత్తిడి తీసేయాలని సర్జన్ గారు చెప్పారు. దానికి అల్ట్రాసోనిక్ బోన్ స్కాల్పెల్ అనే పరికరం వాడతారట. అది ఎముకను మాత్రమే కోస్తుందని, వెన్నుపాము మీది పొరను కోయదని అన్నారు. ఎస్టిమేట్‌లో దాని బ్లేడుకూ ట్యూబులకూ వేరే లైను ఉంది. మరొక ఆసుపత్రిలో రెండో అభిప్రాయం అడిగితే, ఇరవై ఏళ్లుగా డ్రిల్లుతోనే చేస్తున్నానని, ఆ యంత్రం లేకపోయినా ఫరవాలేదని ఆ డాక్టరు గారు అన్నారు.

ఖర్చు ఎంతైనా తెచ్చి పెడతాం. కోసే వస్తువుకు ఏది ఎముకో, ఏది పొరో ఎలా తెలుస్తుందన్నదే నాకు అంతు చిక్కడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు 1: పరికరాల ఇంజనీరు, హైదరాబాద్

మర్రిగూడ వాసి గారికి, నేను వైద్యుణ్ని కాను. ఆసుపత్రి పరికరాల నిర్వహణ చూసే ఇంజనీరును. ఆపరేషన్ సంగతి డాక్టర్లే చెప్పాలి, యంత్రం సంగతి నేను చెప్పగలను.

అల్ట్రాసోనిక్ అనగానే కడుపు స్కానింగ్ గుర్తుకొచ్చి, ఏదో శబ్దం దూరం నుంచి వెళ్లి ఎముకను కోస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కోసేది లోహపు బ్లేడే. సర్జన్ చేతిలో లావుపాటి పెన్నులాంటి హ్యాండ్‌పీస్ ఉంటుంది. దాని లోపల ప్రత్యేకమైన సిరామిక్ బిళ్లలు దొంతరగా బిగించి ఉంటాయి. కరెంటు దిశను మార్చి మార్చి వాటికి అందిస్తే, ఆ లయకు తగ్గట్టు అవి సాగుతూ, కుంచించుకుపోతూ ఉంటాయి. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు; మనం చూస్తున్నది దాన్నే తలకిందులు చేసిన పని. బిళ్లల కదలిక చాలా స్వల్పం. ముందుకు పోయేకొద్దీ సన్నబడే లోహపు కడ్డీ ఆ కదలికను పెద్దది చేసి బ్లేడు కొనకు అందిస్తుంది. మిసోనిక్స్ అనే కంపెనీ తెచ్చిన బోన్‌స్కాల్పెల్‌లో ఆ కొన సెకనుకు 22,500 సార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. మనిషి చెవికి వినిపించే హద్దు సుమారు 20,000 కాబట్టి దీన్ని అల్ట్రాసోనిక్ అన్నారు.

ఇప్పుడు మీ అసలు సందేహం. ఒక చిన్న లెక్క వేద్దాం. బ్లేడు కొన ఒక్కో ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకు 0.2 మిల్లీమీటర్లు కదులుతుందని అనుకుంటే, దాని గరిష్ఠ వేగం సెకనుకు 14 మీటర్లు. నిమిషానికి 75,000 చుట్లు తిరిగే డ్రిల్లుకు బర్ అనే 4 మిల్లీమీటర్ల గుండ్రటి కోత మొన తగిలిస్తే, దాని అంచు వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు. రెండు వేగాలకూ పెద్ద తేడా లేదని గమనించండి. తేడా అంతా ప్రయాణంలో ఉంది. డ్రిల్లు అంచు ఒకే దిక్కున తిరుగుతూ పోతుంది కాబట్టి, మెత్తటి పొర దాని పళ్లకు చిక్కిందంటే తాడు రాట్నానికి చుట్టుకున్నట్టు లాక్కుపోతుంది. అల్ట్రాసోనిక్ బ్లేడు రెండు మూడు వెంట్రుకల మందం దూరం వెళ్లి వెనక్కు తిరుగుతుంది. మెత్తటి పొర ఆ మాత్రం దూరం సాగి, బ్లేడుతోపాటు ఊగి, ఏమీ కాకుండా నిలుస్తుంది. ఎముకకు సాగే గుణం లేదు కాబట్టి బ్లేడు తగిలిన గీత వెంట అది పొడి అవుతుంది.

బ్లేడుకు ఏదీ తెలియదు. సాగలేనిదాన్ని అది కోస్తుంది, అంతే.

దీనికి మీరు ఇదివరకే చూసి ఉండగల ఉదాహరణ ఒకటి ఉంది. చెయ్యి విరిగిన పిల్లలకు పిండికట్టు విప్పే రంపం గుర్తుందా? గీమంటూ పెద్ద చప్పుడు చేస్తుంది, పిల్లలు ఏడుస్తారు, ఆ పనివాడు నవ్వుతూ దాన్ని తన అరచేతికి ఆనించి చూపిస్తాడు, చర్మం చెక్కుచెదరదు. అది గుండ్రంగా తిరగదు, స్వల్పంగా అటూ ఇటూ ఆడుతుంది. గట్టి కట్టు తెగుతుంది, చర్మం ఊగి ఊరుకుంటుంది. అమెరికాలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు దాన్ని 1940లలో తయారు చేశారు. ఆయన పేరిటి కంపెనీయే ఇప్పుడు సోనోపెట్ అనే అల్ట్రాసోనిక్ పరికరాన్ని కూడా అమ్ముతోంది.

అయితే ఆ పిండికట్టు రంపమే చీలమండ దగ్గర కొన్నిసార్లు చర్మాన్ని గీరుతుంది, కాలుస్తుంది. అక్కడ చర్మం ఎముక మీద బిగుతుగా పరుచుకొని ఉంటుంది, ఊగడానికి చోటుండదు. ఒకేచోట ఆనించి నొక్కి ఉంచితే వేడి కూడా పుడుతుంది. మీ నాయన గారి విషయంలో వెన్నుపాము పొర అరచేతి చర్మంలా ఉందా, చీలమండ చర్మంలా ఉందా అన్నది నేను చెప్పగలిగేది కాదు. అది సీటీ చూసిన సర్జన్‌ను అడగండి.

జవాబు 2: రాజమహేంద్రవరం నుంచి

ఇది కూసా అనే పరికరమే కదా? మా మామగారి మెదడులో గడ్డ తీసినప్పుడు అదే వాడారు. అది మెత్తటి గడ్డనే పీల్చేసింది మరి. ఇది మెత్తటిదాన్ని ముట్టదంటే నమ్మేదెలా?

జవాబు 3: పరికరాల ఇంజనీరు, హైదరాబాద్

మంచి ప్రశ్న వేశారు. కూసాదీ ఇదే కుటుంబం, పని మాత్రం వేరు. దాని కొన బోలుగా ఉన్న గొట్టం. నీటి శాతం ఎక్కువగా ఉండే మెత్తటి గడ్డను చిన్నచిన్న తునకలు చేసి అదే గొట్టంతో పీలుస్తుంది. పిత్తాశయం ఆపరేషన్లలో వాడే హార్మోనిక్ మరొకటి. అది సెకనుకు సుమారు 55,000 సార్లు ఆడుతూ, కణజాలాన్ని రెండు దవడల మధ్య పట్టి వేడితో మూసి కోస్తుంది. కొన ఆకారం, ఊపు నిడివి, పట్టుకునే తీరు మారితే పనే మారిపోతుంది. కాబట్టి అల్ట్రాసోనిక్ అన్న ఒక్క మాట విని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఫేకో పద్ధతిలో కంటి శుక్లం తీయడం కూడా ఇదే కుటుంబంలోది. 1960లలో చార్ల్స్ కెల్మన్ అనే న్యూయార్క్ కంటి డాక్టరు పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వెళ్లి, పాచి తీసే అల్ట్రాసోనిక్ పరికరం పంటి మీద ఆడటం చూసి ఆ ఆలోచన చేశారు. ఎముక కోయడానికి దీన్ని సానబట్టింది కూడా నోటి వైద్యులే. ఇటలీకి చెందిన తోమాసో వెర్చెల్లోత్తి 1990ల చివర దవడ ఎముక కోసం పియెజోసర్జరీ అనే అల్ట్రాసోనిక్ కోత పద్ధతిని తీర్చిదిద్దారు. దవడలోనూ ఎముక కిందే నరం ఉంటుంది, సైనస్ పొర ఉంటుంది. వెన్నెముకలో ఉన్న చిక్కే అక్కడ చిన్న రూపంలో ఉందన్నమాట.

జవాబు 4: న్యూరోసర్జన్

మర్రిగూడ వాసి గారూ, స్కాన్ చూడకుండా మీ నాయన గారికి ఇది చేయండి, అది చేయండి అని నేను చెప్పడం పద్ధతి కాదు. మీకు చెప్పిన ఇద్దరు సర్జన్ల మాటల్లో ఏది ఎక్కడ నిలుస్తుందో మాత్రం వివరిస్తాను.

ఫ్లోరైడు పట్టిన వెన్నెముక మామూలు వెన్నెముక కాదు. తరువాత ప్రకాశం జిల్లాలో కలిసిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఎముకలకు పట్టే ఈ వ్యాధి గురించి మన దేశంలో తొలి నివేదిక 1937లో అక్కడి నుంచే వెలువడింది. ఆ తరువాత దీని నరాల ఇబ్బందుల మీద హైదరాబాద్‌లో డాక్టర్ డి. రాజారెడ్డి గారు దశాబ్దాలపాటు పని చేశారు. ఎముక దట్టమై, గట్టిపడి, లోపలి కాలువ ఇరుకవుతుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీలు ఎముకగా మారతాయి. వీపు భాగంలో ఆ కాలువ పుట్టుకతోనే ఇరుకు, పైగా అక్కడ వెన్నుపాముకు రక్తం అందడం కూడా అంతంత మాత్రమే. కాబట్టి ఒక్క మిల్లీమీటరు అజాగ్రత్తకు కూడా అక్కడ చోటు లేదు.

పాత పద్ధతిలో మాకు రెండు పనిముట్లు ఉంటాయి. ఒకటి డ్రిల్లు. దానితో ఎముకను గుడ్డు పెంకు మందానికి అరగదీస్తాం. ఇంకొకటి కెరిసన్ పంచ్. దాని కింది పెదవిని ఎముక కిందకు దూర్చి పై పెదవితో కొరుకుతాం. మామూలు నడుము ఆపరేషన్‌లో ఇది ఇబ్బంది లేని పని. కానీ మీ నాయన గారి లాంటి వెన్నెముకలో ఎముక కింద ఖాళీ ఉండదు. ఆ పెదవి సన్నగానే ఉన్నా, దాన్ని దూర్చడమంటే అప్పటికే నలుగుతున్న వెన్నుపామును మరింత నొక్కడమే. కొందరు రోగులు ఆపరేషన్ తరువాత ఉన్న బలం కూడా పోగొట్టుకోవడానికి ఇదొక కారణం. డ్రిల్లు అయితే ఫ్లోరోసిస్ ఎముక మీద వేడెక్కుతుంది, గట్టి అంచు తగిలి జారవచ్చు, తడి గుడ్డగానీ పత్తిగానీ దగ్గర్లో ఉంటే చుట్టుకుంటుంది.

అల్ట్రాసోనిక్ బ్లేడు అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. వెన్నుపూస వెనక కప్పులాంటి భాగాన్ని లామినా అంటాం. దానికి రెండు పక్కలా, వెన్నుపాముకు కాస్త ఎడంగా, బ్లేడుతో రెండు సన్నటి గాడులు కోస్తాం. ఎముక కిందకు ఏదీ దూర్చనక్కర లేదు. లోపలి గట్టి అంచు తెగినప్పుడు చేతికి ఒక చిన్న తేలిక తెలుస్తుంది, అక్కడ ఆగాలి. రెండు గాడులూ పూర్తయ్యాక మొత్తం కప్పును మూతలాగా ఒక చివర నుంచి మెల్లగా ఎత్తుతాం. గాడి ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా సన్నం కాబట్టి తెగిన అంచుల నుంచి కారే రక్తం తగ్గుతుంది. తీసిన ఎముక పొడి కాకుండా ముక్కగా చేతికి వస్తుంది కాబట్టి, అవసరమైతే అతుకు ఎముకగా వాడుకోవచ్చు.

ఇక మీకు చెప్పిన మాట ఎక్కడ సగమే నిజమో చూద్దాం. కురిడీ కొబ్బరికాయ కొట్టినప్పుడు చిప్ప విడిపోయి లోపలి కొబ్బరి గుండు గుండుగా బయటపడుతుంది. పచ్చి కాయలో కొబ్బరి చిప్పను పట్టుకొని ఉంటుంది, చిప్ప తీస్తే కొబ్బరి కూడా చిట్లుతుంది. వెన్నుపాము చుట్టూ ఉండే డ్యూరా అనే పొర మామూలుగా కురిడీ కాయలోని గుండులాంటిది, ఎముకకు విడిగా ఉంటుంది. పట్టీ ఎముకగా మారిన రోగుల్లో కొందరికి అది పచ్చి కాయ అవుతుంది, ఎముకకు అతుక్కుపోతుంది. ఇంకొందరిలో డ్యూరా కూడా ఎముకగా మారిపోతుంది. ఇంజనీరు గారు చెప్పినట్టు బ్లేడు సాగలేనిదాన్ని కోస్తుంది. డ్యూరాయే ఎముక అయినప్పుడు దానికీ ఎముకకూ బ్లేడు తేడా చూపదు, చూపలేదు. కాబట్టి మీరు సర్జన్ గారిని యంత్రం మంచిదా అని అడగడం కన్నా, సీటీలో డ్యూరా ఎలా కనిపిస్తోందని అడగండి.

అధ్యయనాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. రక్తస్రావం తగ్గినట్టు చాలా అధ్యయనాలు చూపాయి. డ్యూరా చిరుగులు తగ్గాయా అన్న దానిలో ఫలితాలు ఏకరీతిగా లేవు. కొన్ని తగ్గాయన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. డ్రిల్లుతో ఇరవై ఏళ్లు చేసిన డాక్టరు గారి చెయ్యి కూడా ఒక పనిముట్టే. అల్ట్రాసోనిక్ బ్లేడును నిన్న మొన్న పట్టిన చేతిని, డ్రిల్లును ఇరవై ఏళ్లు పట్టిన చేతిని పక్కపక్కన పెడితే, నా తండ్రికైతే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. రెండూ తెలిసిన చెయ్యి దొరికితే అప్పుడు మాత్రం ఇలాంటి కేసులో అల్ట్రాసోనిక్ పక్షాన మొగ్గుతాను.

మర్రిగూడ వాసి

డాక్టరు గారికి, ఇంజనీరు గారికి ధన్యవాదాలు. మీరు చెప్పాక సీటీ రిపోర్టు మళ్లీ తీసి చదివాను. పదో వెన్నుపూస దగ్గర ట్రామ్ ట్రాక్ సైన్ ఉందని ఒక వాక్యం రాశారు. దానికి అర్థం ఏమిటి? భయపడవలసిందా?

న్యూరోసర్జన్

సీటీ అడ్డకోతలో రెండు తెల్లటి గీతలు, వాటి మధ్య సన్నటి నల్ల గీత రైలు పట్టాల్లా కనిపిస్తే అలా అంటారు. ఒక గీత ఎముకగా మారిన పట్టీ, రెండోది ఎముకగా మారిన డ్యూరా. ఆ ఒక్క చోట డ్యూరా కూడా గట్టిపడి ఉండే అవకాశం ఎక్కువని దాని అర్థం. అంటే నేను పైన పచ్చి కాయ తరువాత చెప్పిన, డ్యూరాయే ఎముకగా మారిన రకం అన్నమాట. ఇలాంటి చోట అనుభవం ఉన్న సర్జన్ మొత్తం ముక్కను పీకాలని పట్టుబట్టరు. చుట్టూ కోసి, అతుక్కున్న భాగాన్ని పలుచగా చేసి, డ్యూరా మీదే తేలేలా వదిలేయడం ఒక మార్గం. తీయక తప్పకపోతే డ్యూరా తెరుచుకుంటుందని ముందే అనుకొని, మూయడానికి పాచ్, ఫైబ్రిన్ గ్లూ అనే జిగురు సిద్ధం చేసుకుంటారు. ముందే తెలిసిన చిరుగు ఒక పని, అనుకోకుండా ఎదురైన చిరుగు ఒక ప్రమాదం. మీకు ముందే తెలిసింది, అది మంచిదే.

యంత్రం కన్నా ముందు అడగవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. మెడ వంగని మనిషికి మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసగొట్టం వేయడం కష్టం, దాని గురించి మత్తు డాక్టరు గారితో విడిగా మాట్లాడండి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కాళ్ల కండరాల నుంచి సంకేతాలు అందుతున్నాయా లేదా చూసే న్యూరోమానిటరింగ్ ఉంటుందా అని కూడా అడగండి. మూత్రం ఇబ్బంది మొదలైందన్నారు కాబట్టి నెలల తరబడి ఆలోచించే సమయం కాదిది.

జవాబు 5: ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నర్సు, విశాఖపట్నం

డాక్టరు గారు చెప్పిన దానికి ఓటీలో నా కంటికి కనిపించేది కలుపుతాను. మేము ఈ హ్యాండ్‌పీస్‌ను టేబుల్ మీదకు అందించే ముందు ఒక పని తప్పకుండా చేస్తాం. సర్జన్ గారు ఫుట్ పెడల్ తొక్కుతారు, బ్లేడు కొన దగ్గర సెలైన్ సన్నటి పొగమంచులా లేస్తుంది. ఆ మంచు కనబడితేనే బ్లేడు ఆడుతోందని, నీళ్లు కూడా అందుతున్నాయని నమ్ముతాం. మంచు లేకుండా బొట్లు బొట్లుగా కారితే ఏదో సరిగా బిగలేదని అర్థం. అసలు నీళ్లే రాకపోతే మరీ ప్రమాదం, ట్యూబు ఎక్కడో మడత పడి ఉంటుంది. అలాంటప్పుడు ఎముకకు ఆనించనివ్వం. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉంటే అందులోని కణాలు దెబ్బతింటాయని మాకు ట్రైనింగులో మొదట నేర్పే అంకె. ఎముకకే అంత అయితే దాని కింది నరం సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో విషయం చేతి గురించి. డ్రిల్లుకు అలవాటుపడిన వైద్యులు మొదట్లో ఈ బ్లేడును గట్టిగా నొక్కుతారు. నొక్కితే అది ఆడటం మానేసి వేడెక్కుతుంది, యంత్రం కూడా గొంతు మార్చి హెచ్చరిస్తుంది. చెయ్యి తిరిగినవారు రంపం కోసినట్టు కాక, దోసె మీద నెయ్యి రాసినట్టు గాడి పొడవునా తేలికగా అటూ ఇటూ జరుపుతూ పోతారు. ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి నిలపరు. కోసే శబ్దం వినీ వినీ నాకు కూడా ఇప్పుడు లోపలి అంచు దగ్గర పడిందని తెలిసిపోతుంది.

ఎస్టిమేట్‌లో బ్లేడుకు వేరే లైను ఉందన్నారు. ఆ బ్లేడు, ట్యూబుల సెట్టు ఒక్క ఆపరేషన్‌కే వాడవలసినవి. అరిగిన కొన కోయడం తగ్గించి రుద్దడం పెంచుతుంది, రుద్దితే మళ్లీ వేడే. డబ్బు కడుతున్నారు కాబట్టి కొత్త ప్యాకెట్టు తెరుస్తారా అని అడగడంలో తప్పులేదు. ఆ ప్యాకెట్టు స్టిక్కరు కేస్ షీటులో అతికించమని కూడా అడగవచ్చు, చాలా చోట్ల ఎటూ అతికిస్తారు.

జవాబు 6: కనిగిరి నుంచి

మాది కనిగిరి దగ్గరి పల్లె. మా అమ్మకు ఇదే సమస్య, ఇదే పరికరంతో ఆపరేషన్ చేయించాం. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే జరిగినదానికి వాళ్లను తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. ఒక్క మాటకు మాత్రం ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. ఈ మెషీన్ పొరను కోయదమ్మా, నిశ్చింతగా ఉండండి అని వాళ్లు చెప్పిన మాటను మేము అక్షరాలా నమ్మాం. ఆపరేషన్ తరువాత డ్యూరా చిరిగిందని, కుట్టి గ్లూ వేశామని చెప్పినప్పుడు మా అన్నయ్య ఐసీయూ బయట వాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. మెషీన్ కోయదన్నారు కదా, మరి ఎవరు కోశారు అని.

ఎవరూ తప్పు చేయలేదని నాలుగు రోజుల తరువాత తెలిసింది. పొర ఎముకకు అతుక్కొని ఉంది, ముక్క ఎత్తుతుంటే దానితోపాటు వచ్చింది. బ్లేడు కోసిన చోట కాదు, చేత్తో విడదీసిన చోట చిరిగింది. ఆ తేడా ముందే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే అన్నయ్య అంత మాట అనేవాడు కాదు. అమ్మను అయిదు రోజులు మంచం మీద తల ఎత్తనివ్వకుండా వెల్లకిలా పడుకోబెట్టారు, నడుము దగ్గర సన్నటి గొట్టం పెట్టి వెన్నుపాము చుట్టూ ఉండే నీరు తీశారు. ఆమెకు ఆపరేషన్ నొప్పి కన్నా ఆ అయిదు రోజులే పెద్ద శిక్ష. స్ట్రాతో మజ్జిగ తాగడం, పడుకునే అన్నం తినడం అలవాటు కావడానికే రెండు రోజులు పట్టింది. మీ ఇంట్లో వాళ్లను దానికి ముందే సిద్ధం చేయండి. తల కింద దిండు లేకుండా రెండు రోజులు ఇంట్లోనే పడుకోవడం అలవాటు చేసినా మేలే.

ఇప్పుడు అమ్మ చేతికర్ర పట్టుకొని వాకిలి దాకా నడుస్తుంది. కాళ్ల బిగుతు కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆలస్యంగా తీసుకొచ్చారని డాక్టరు గారు అప్పుడే అన్నారు. చెప్పు జారిపోయిన సంగతి మాత్రం ఇప్పుడు ఆమెకు తెలుస్తోంది.

మర్రిగూడ వాసి

కనిగిరి గారూ, మీ అమ్మగారు ఇంకా కోలుకోవాలని కోరుకుంటున్నాను. చెప్పు మాట చదివి మా ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు.

నిన్న సర్జన్ గారి దగ్గరకు వెళ్లి మీరందరూ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకొని అడిగాను. ఆయన విసుక్కోలేదు, సీటీ తెర మీద పెట్టి చూపించారు. పదో వెన్నుపూస దగ్గర పట్టాల గీతలు నిజంగానే కనబడ్డాయి. అక్కడ పొర ఎముకగా మారిందని తనకు తెలుసని, తొమ్మిది, పదకొండు దగ్గర బ్లేడుతో గాడులు కోసి ఎత్తుతామని, పది దగ్గర మాత్రం పక్కల వరకే బ్లేడు వాడి, మధ్య ముక్కను పలుచగా చేసి అక్కడే వదిలేస్తామని చెప్పారు. పొర చిరిగే అవకాశం ఉందని ఈసారి ఆయనే ముందుగా అన్నారు. ఇన్నాళ్లూ కోయదని ఎందుకు చెప్పారని అడిగితే, భయపడతారని అలా చెప్పానని నవ్వారు. ఈ పరికరంతో ఎన్నేళ్లుగా చేస్తున్నారని కూడా అడిగాను. నాలుగేళ్లు దాటిందట, అంతకు ముందు డ్రిల్లుతో చేసేవారట, ఇప్పటికీ పక్కన డ్రిల్లు పెట్టుకొనే చేస్తారట.

న్యూరోమానిటరింగ్ ఉంటుందన్నారు. మత్తు డాక్టరు గారు మా నాయన మెడ వంచి చూసి, నోరు ఎంత తెరుచుకుంటుందో వేళ్లతో కొలిచి, సన్నటి కెమెరా గొట్టంతో చూస్తూ శ్వాసగొట్టం వేస్తామని చెప్పారు. బ్లేడు కొత్త ప్యాకెట్టేనని, స్టిక్కరు కేస్ షీటులో అతికిస్తామని ఓటీ ఇన్‌ఛార్జి మాట ఇచ్చారు.

వచ్చే గురువారం అడ్మిషన్. మా నాయన నిన్న రాత్రి నుంచే దిండు తీసేసి పడుకుంటున్నారు, నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి పశువుల కొట్టం వైపు చూస్తున్నారు. మిగతా సంగతి ఆపరేషన్ అయ్యాక ఇక్కడే రాస్తాను.